ఊరి లెక్క ఊరికి దక్కలేదు

"బ్రిటిష్ వాళ్ళు మన గ్రామ వ్యవస్థ జోలికి పోలేదు, పైపైన శిస్తు వసూలు చేసుకున్నారంతే" అని చాలామంది అంటూ ఉంటారు. "వాళ్ళు రాకముందు మనకు అసలు పరిపాలనే లేదు, కలెక్టరు, సర్వే, రికార్డు అన్నీ వాళ్ళ చలవే" అనేవాళ్ళూ తక్కువేం కాదు. ఈ రెండు మాటలూ తప్పేనని నా నమ్మకం. ఈస్టిండియా కంపెనీ మన ఊళ్ళలో లెక్కలు రాసే కరణాన్ని, ఊరి పెద్దను, కాపలా కాసే తలారిని అలాగే ఉంచింది. అయితే వాళ్ళు ఎవరి తిండి తినాలో, ఎవరికి లెక్క చెప్పాలో మాత్రం మార్చేసింది. ఆ మార్పు చేసిన చెరుపును స్వతంత్రం వచ్చాక కూడా మనం బాగుచేసుకోలేదు. కరణాలను తీసేసినప్పుడు బాగుచేయలేదు, కంప్యూటర్లు పెట్టినప్పుడూ బాగుచేయలేదు.

ముందు పాత ఏర్పాటు సంగతి. విజయనగర కాలం నుంచి మన ఊళ్ళలో పన్నెండుమంది ఆయగాళ్ళ పద్ధతి ఉండేది. ఊరి పెద్ద, కరణం, తలారి, నీరుకట్టు, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, ఇలా. వీళ్ళలో కొందరికి శిస్తు లేని మాన్యం భూములుండేవి. పంట నూర్చినప్పుడు కళ్ళంలోనే ధాన్యంలో వీళ్ళ వాటా, అంటే మేర, కొలిచి ఇచ్చేవారు. గోల్కొండ సుల్తాను పోయి మొగలాయీలు వచ్చినా, వాళ్ళు పోయి నైజాం వచ్చినా కరణం ఇంటికి గింజలు వచ్చేది మాత్రం ఆ కళ్ళంలోంచే. అందుకే అతను పైవాళ్ళకూ ఊరికీ మధ్య నిలబడేవాడు. సాగైన భూమిలో కొంత దాచేవాడు, పంట తక్కువ చూపేవాడు. కంపెనీ దొరలు దీన్ని మోసమని పేజీలకు పేజీలు రాశారు. అది మోసమే కావచ్చు, కానీ ఆ మోసం వల్ల ఊళ్ళో కొంత ధాన్యం మిగిలేది.

అంతమాత్రాన అదంతా రామరాజ్యం అని నేననను. 1830లో కంపెనీ అధికారి చార్లెస్ మెట్‌కాఫ్ మన గ్రామాలను చిన్న చిన్న గణతంత్రాలని పొగిడాడు. ఆ మాటను తర్వాత మనవాళ్ళూ గర్వంగా ఎత్తుకున్నారు. మాలపల్లెలో, మాదిగపల్లెలో పుట్టి వెట్టి చేసినవాళ్ళను అడిగితే ఆ గణతంత్రం ఎలాంటిదో చెప్పేవాళ్ళు. కరణం దాచిన భూమి కూడా ఎక్కువగా పెద్ద రైతులదే. "కరణం సాధువూ కాదు, కాకి తెలుపూ కాదు" అనే సామెత ఊరికే పుట్టలేదు. కాకపోతే ఆ కరణం మీద ఊరికి ఎంతో కొంత పట్టు ఉండేది. అతని మేర కొలిచే చేతులు ఊరి చేతులు. నేను చెప్పదలచుకున్నది ఆ పట్టు గురించి.

ఉత్తర సర్కారులు, అంటే కోస్తా జిల్లాలు, 1760లలో కంపెనీ చేతికి వచ్చాయి. 1800లో నిజాం దత్తమండలాలను, అంటే రాయలసీమ ప్రాంతాన్ని, ఇచ్చేశాడు. 1802లో మద్రాసు ప్రభుత్వం వరసగా రెగ్యులేషన్లు తెచ్చింది. 25వ రెగ్యులేషన్‌తో జమీందార్లకు శాశ్వత శిస్తు నిర్ణయమైంది. 29వ రెగ్యులేషన్ కరణం గురించి. జమీందారీ ఊళ్ళలో కూడా కరణం ఉండాలని, భూమి లెక్కలు రాసి కోర్టులకూ కలెక్టరుకూ అందుబాటులో పెట్టాలని అందులో ఉంది. అప్పటిదాకా ఊరి ఆచారంగా నడిచిన పదవి సర్కారు చట్టంలోకి ఎక్కింది.

దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్నది థామస్ మన్రో. రాయలసీమలో ఇప్పటికీ ఆయనంటే అభిమానం ఉంది. మన్రోలప్ప అని పిల్లలకు పేర్లు పెట్టుకున్న సీమ అది. ఆయన 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. మనిషిగా ఆయన మీద నాకూ గౌరవమే. పాళెగాళ్ళను అణిచి, పొలం పొలం కొలిపించి, రైతుతో సర్కారు నేరుగా మాట్లాడాలని పట్టుబట్టాడు. శిస్తు మరీ ఎక్కువైందని, నాలుగో వంతు తగ్గించాలని 1807లో తానే రాశాడు. పైవాళ్ళు వెంటనే వినలేదు. తాను మద్రాసు గవర్నరు అయ్యాకే ఆ తగ్గింపు అమల్లోకి వచ్చింది. కానీ రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టే ఈ రైత్వారీ పద్ధతిలో ఒక చిక్కుంది. సర్కారు రైతుతో నేరుగా మాట్లాడాలంటే ప్రతి ఊళ్ళో, ప్రతి పొలం దగ్గర సర్కారుకు ఒక చెయ్యి కావాలి. తెల్ల అధికారులు ఉన్నది జిల్లాకు ఇద్దరో ముగ్గురో. కాబట్టి ఊళ్ళో అప్పటికే ఉన్న కరణాన్నీ, పెద్దకాపునూ ఆ పనిలోకి లాగారు.

1816లో వచ్చిన రెగ్యులేషన్లు చదివితే ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఊరి పెద్ద మునసబు అయ్యాడు. పది రూపాయల లోపు దావాలు వినే అధికారం ఇచ్చారు. పోలీసు పనీ అతనికే అప్పజెప్పారు. అదే ఏడాది వచ్చిన 11వ రెగ్యులేషన్ ప్రకారం చిన్న తగాదాల్లో తప్పు చేసినవాణ్ణి మునసబు కొన్ని గంటలు చావడిలో కూర్చోబెట్టొచ్చు. ఆ మనిషి కింది కులంవాడైతే ఆరు గంటల దాకా బొండకొయ్యలో బిగించొచ్చు. ఈ నిబంధన నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. కులం మన ఊళ్ళో ముందునుంచీ ఉంది, దాన్ని కంపెనీ పుట్టించలేదు. కానీ ఆచారంగా ఉన్నదాన్ని చట్టంలో రాసి, గంటలు లెక్కగట్టి, కలెక్టరు కచేరీ బలంతో అమలు చేసే ఏర్పాటు మాత్రం కంపెనీదే. ఆచారాన్ని ఎదిరిస్తే ఊళ్ళో గొడవయ్యేది, రాజీ పడేది, మారేది. చట్టాన్ని ఎదిరిస్తే జైలు.

పంచాయతీలకు కూడా అప్పుడే ఒక రెగ్యులేషన్ తెచ్చారు. జనం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. సర్కారు నియమాల ప్రకారం నడిచే పంచాయతీకి వెళ్ళేకంటే కోర్టుకే వెళ్ళడం మేలనుకున్నారు.

ఈ మొత్తం ఏర్పాటు రైతు ఒంటి మీద ఎలా పనిచేసిందో 1855లో బయటపడింది. శిస్తు వసూలు కోసం రైతులను హింసిస్తున్నారని పార్లమెంటులో గొడవయ్యాక మద్రాసు ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. దాని ముందుకు వచ్చిన సాక్ష్యాలు చదవడం కష్టం. మనిషిని ముందుకు వంచి, మెడకూ కాలి బొటనవేలికీ కలిపి కట్టి ఎండలో నిలబెట్టేవారు. రెండు చెక్కల మధ్య వేళ్ళు పెట్టి బిగించే కిట్టి అనే పనిముట్టు ఉండేది. అన్నం నీళ్ళు లేకుండా కచేరీలో కూర్చోబెట్టేవారు. తహసీల్దారు బంట్రోతులు, ఊరి అధికారులు, తలారులు ఈ పని చేసేవారు. హింస జరుగుతోందని కమిషన్ ఒప్పుకుంది. ఆ తర్వాత నెపం దాదాపు అంతా కిందిస్థాయి దేశీ ఉద్యోగుల మీద వేసి, ఇంగ్లీషు అధికారులకు దీనితో సంబంధం లేదన్నట్టు తేల్చింది.

ఆ తేల్చిన తీరే నా కోపానికి కారణం. ఫలానా తేదీకి ఫలానా మొత్తం జమ కావాలని పైనుంచి ఒత్తిడి. ఎలా తెస్తావో అడగరు. 1832, 33లలో గుంటూరు సీమను తుడిచిపెట్టిన నందన కరువు ముందూ వెనకా కూడా శిస్తు బాకీల వేట ఆగలేదు. ఊరి తలారి తన ఊరి రైతు వేళ్ళు బిగించే స్థితికి ఎలా వచ్చాడని కమిషన్ అడగలేదు. ఊరి పెద్దకు ఊరి మెప్పుతో పని లేకుండా చేసి, కచేరీ మెప్పుతోనే బతుకు గడిచేట్టు చేస్తే జరిగేది ఇదే. కిందివాడు క్రూరుడు, పైవాడు న్యాయమూర్తి అనే ఈ బొమ్మ మనకు బాగా అలవాటైపోయింది. ఇప్పటికీ వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) లంచగొండి, కలెక్టరు దేవుడు అనే మాట్లాడుకుంటాం.

మిగిలిన కాస్త బంధాన్నీ తర్వాతి నలభై ఏళ్ళలో తెంపేశారు. 1858లో ఇనాం కమిషన్ వచ్చి మాన్యాల మీద విచారణ మొదలుపెట్టింది. 1864లో గ్రామ సెస్సు చట్టం వచ్చింది. కళ్ళంలో కొలిచే మేర బదులు సెస్సు వసూలు చేసి, జీతం సర్కారు ద్వారా ఇచ్చే దారి పడింది. 1895లో వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం తెచ్చారు. జమీందారీల్లో లాగే పెద్దకొడుక్కి వారసత్వం అన్నారు. నియమించేదీ, శిక్షించేదీ రెవెన్యూ అధికారులే. పదవి ఒకే ఇంట్లో ఉండిపోతుంది, ఆ ఇంటి మీద ఊరికి ఏ హక్కూ ఉండదు. పాత పద్ధతిలోని చెడునీ కొత్త పద్ధతిలోని చెడునీ ఒకేచోట చేర్చిన చట్టం ఇంతకన్నా ఉంటుందని నేననుకోను.

మైదానంలో తొంభై ఏళ్ళు పట్టిన ఈ పని మన్యంలో ఇంకా మొరటుగా జరిగింది. గోదావరి జిల్లా ఎగువన రంప అనే చోట మన్సబుదారు అనే కొండ పాలకుడు, అతని కింద ముఠాదార్లు ఉండేవారు. ముఠా అంటే కొన్ని కొండ ఊళ్ళ గుంపు. మన్సబుదారు మితిమీరితే ముఠాదార్లు కప్పం ఆపేసేవారు, అవసరమైతే తిరగబడేవారు. అది వాళ్ళ రాజకీయం, దానికి దాని అదుపు ఉంది. 1848లో కంపెనీ మాధవతి రాంభూపతిని మన్సబుదారుగా నిలబెట్టి, ముఠాదార్లు అతనికి ఏడాదికి 8,750 రూపాయలు కట్టాలని ఒప్పందం చేయించింది. అతను అంతకు మించి గుంజాడు. కట్టెలకు పన్ను, మేతకు పన్ను, కల్లు చెట్లకు చిగురుపన్ను. కొండవాళ్ళు ఎన్నిసార్లు ఎదురు తిరిగినా ఇప్పుడు అతని వెనక సర్కారు పోలీసులున్నారు. ఆబ్కారీ చట్టం వచ్చి కల్లు కాంట్రాక్టర్ల చేతికి పోయింది. మైదానం వర్తకులు కోర్టు డిక్రీలు పట్టుకుని వచ్చి పశువులను తోలుకుపోతుంటే, ఆ కోర్టు ఎక్కడుందో కూడా తెలియని మనుషులు చూస్తూ నిలబడాల్సి వచ్చింది.

1879 మార్చిలో రంప తిరగబడింది. అణచడానికి మద్రాసు పటాలాలతో పాటు హైదరాబాదు కంటింజెంటు సైన్యాన్ని కూడా దించారు. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర లాంటివాళ్ళు నెలల తరబడి అడవిలో నిలబడి పోరాడారు. చివరికి ప్రభుత్వం మన్సబును రద్దు చేసి, ముఠాదార్లకు నేరుగా సన్నదులు (సర్కారు అధికార పత్రాలు) ఇచ్చింది. దీన్ని చాలా పుస్తకాలు సంస్కరణగా రాస్తాయి. నా లెక్కలో అది రెండో దెబ్బ. నిన్నటిదాకా తన కొండల తరఫున కప్పం ఆపగలిగిన ముఠాదారు, సన్నదు తీసుకున్నాక ఆ కొండల మీద సర్కారు మనిషి అయ్యాడు. 1882 అటవీ చట్టం తర్వాత పోడు మీద ఆంక్షలు పెరిగాయి, రోడ్లకు వెట్టి పెరిగింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి దాకా రోడ్డు వేయిస్తూ కూలీ సరిగ్గా ఇవ్వకుండా కొండవాళ్ళను పీడించిన సంగతి మనందరికీ తెలుసు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా దాడి చేసినప్పుడు ఆయన పక్కన గాం గంటందొర, మల్లుదొర ఉన్నారు. వీళ్ళు సర్కారు ఏర్పాటులో చోటు పోగొట్టుకున్న కుటుంబంవాళ్ళు. మనం ఆ కథను వీరగాథగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ ఒక రాజకీయ వ్యవస్థను లోపలినుంచి డొల్ల చేస్తే దానిలోని పెద్దలు ఏమవుతారన్న ప్రశ్న కూడా అందులో ఉంది. మన్యంలో ముఠాలు చట్టపరంగా రద్దయింది 1969లో, అంటే తెల్లవాళ్ళు వెళ్ళిన ఇరవై రెండేళ్ళకు.

తెలంగాణలో దారి వేరైనా చేరిన చోటు అదే. నిజాం దివాను సాలార్‌జంగ్ 1860లలో రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టే జిలాబందీ పెట్టి, శిస్తు వసూలు చేసే దేశ్‌ముఖుల హక్కులు తీసేసి, బదులుగా రుసుం అనే భత్యం ఇచ్చాడు. రికార్డు రాసే పట్వారీలు దగ్గరుండగా ఆ దేశ్‌ముఖులే వేల ఎకరాలు తమ పేర రాయించుకున్నారు. 1946 తర్వాత సాయుధ పోరాటంలో రైతులు గడీలతో పాటు పటేల్ పట్వారీల కాగితాల మీద ఎందుకు పడ్డారో దీన్నిబట్టే తెలుస్తుంది.

స్వతంత్రం వచ్చాక 1895 చట్టం పదమూడేళ్ళు అలాగే నడిచింది. తెనాలి తాలూకాలో ఒక ఊరి మునసబు పదవి కోసం గాజుల దశరథ రామారావు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. పుట్టుకను బట్టి సర్కారు ఉద్యోగం ఇవ్వడం రాజ్యాంగంలోని 16వ అధికరణకు విరుద్ధమని 1960 డిసెంబరులో కోర్టు చెప్పింది. నిజానికి ఆ పదవి ఆ రోజే పోవాలి. అయినా చాలా ఊళ్ళలో పాత ఇళ్ళవాళ్ళే కొనసాగారు. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో గ్రామాధికారుల పదవులన్నీ రద్దు చేసింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ నిర్ణయం సరైనదే. పుట్టుకతో వచ్చే అధికారం ఏ ఊళ్ళోనూ ఉండకూడదు. నాకు ఇందులో రెండో ఆలోచన లేదు.

కానీ రద్దు చేసినవాళ్ళు ఒక పని వదిలేశారు. కరణం దగ్గరున్న కట్టలను తీసుకెళ్ళి మండలాఫీసులో పెట్టారు. ఊరికి ఇవ్వలేదు. అక్కడినుంచి పేర్లు మారుతూ వచ్చాయి. గ్రామ సహాయకుడు, గ్రామ పాలనాధికారి, వీఆర్వో. తెలంగాణలో 2020లో వీఆర్వోలను తీసేసి ధరణి అనే ఆన్‌లైన్ భూరికార్డు పెట్టారు, 2025లో దాని బదులు భూభారతి తెచ్చి గ్రామ పాలన అధికారులను పెట్టారు. ఆంధ్రలో 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాయి. 2022లో భూ హక్కు చట్టం చేసి, జనం భయపడితే 2024లో రద్దు చేశారు. వీటిలో మంచి ఉన్నవీ ఉన్నాయి. కానీ ఊరి రికార్డు మారే ముందు ఊరికి చెప్పాలన్న నియమం వీటిలో దేనికీ ఆయువుపట్టు కాలేదు.

మా ఇంట్లో ఇది అనుభవమే. మా నాన్నగారి పేరున ఉండాల్సిన పొలం ఆన్‌లైన్‌లో భూయజమాని రికార్డు వన్-బి తీస్తే ఇంకొకరి పేరు చూపించింది. పాత సెటిల్‌మెంటు రిజిస్టరు డైగ్లాట్‌లో తాతగారి పేరుంది, శిస్తు రశీదులున్నాయి, పాస్‌బుక్ ఉంది. ఆఫీసులో కూర్చున్న కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. "సిస్టమ్‌లో అలా ఉందండీ, మేమేం చేయలేం, పైనుంచి లాగిన్ రావాలి" అన్నాడు. నాకు ఆ టెన్షన్‌లో అతని మీద కోపం కూడా రాలేదు, ఎందుకంటే అతని చేతిలో నిజంగా ఏమీ లేదు. మా పక్క చేను రైతుకు ఈ సంగతి చెబితే, "ఊరందరికీ తెలుసు గదరా అబ్బాయ్ అది మీదేనని, ఆ ఆఫీసుకే తెలీదు" అన్నాడు. ఆ గట్టు ఎవరిదో, ఆ బోదెలో నీళ్ళ వంతు ఎవరిదో, కౌలు ఎవరు చేస్తున్నారో ఊరికి తెలుసు. ఆ తెలివికి చట్టంలో విలువ లేదు. 1802 నుంచి విలువ లేకుండా పోతూ వచ్చింది.

అప్పుడప్పుడు రెవెన్యూ సదస్సులు పెడతారు కదా అంటారు. వాటికి అధికారులు వస్తారు, టెంటు కింద అర్జీలు తీసుకుంటారు, రశీదు ఇస్తారు, వెళ్ళిపోతారు. రైతు చేతులు కట్టుకుని అడగడం, అధికారి ఆలోచించి చెప్పడం. లెక్క చెప్పాల్సింది ఎవరో ఈ దృశ్యంలో తలకిందులైంది. మన్రో కాలపు జమాబందీలోనూ, అంటే ఏటా శిస్తు తేల్చే కచేరీలోనూ, రైతులంతా వచ్చి కచేరీ ముందు నిలబడేవారు.

నా వాదనకు వచ్చే అసలు అభ్యంతరం నాకు తెలుసు. రికార్డు ఊరి ముందు పెడితే ఊళ్ళో బలమైనవాళ్ళ మాటే చెల్లుతుంది, సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమి ఉన్న దళిత కుటుంబం నోరెత్తలేదు, ఆడవాళ్ళ పేర పట్టా నిలవదు అంటారు. ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. పాత ఊరిని చూసినవాళ్ళు ఎవరైనా ఈ భయం పడతారు. కానీ మన రాష్ట్రంలోనే దీనికి ఒక జవాబు దొరికింది. 2006లో ఉపాధి హామీ పథకం మీద సామాజిక తనిఖీ మొదలుపెట్టారు. ఊళ్ళోనే చదువుకున్న కుర్రాళ్ళకు, ముఖ్యంగా కూలీల ఇళ్ళ పిల్లలకు శిక్షణ ఇచ్చి, కూలీల హాజరు పట్టీలైన మస్టర్ రోల్స్ చేతికిచ్చి ఇల్లిల్లూ తిప్పారు. తర్వాత అందరిముందూ పేరు పేరునా చదివించారు. చనిపోయినవాళ్ళ పేరు మీద కూలి పడిందని, పనికి పోనివాడికి డబ్బు వచ్చిందని కూలి ఆడవాళ్ళే లేచి చెప్పారు. ఫీల్డ్ అసిస్టెంట్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, కొంత సొమ్ము తిరిగి కక్కారు. లోపాలు లేవని అనను. దొరికిన సొమ్ములో రాబట్టింది తక్కువే. కానీ పెద్ద కులాల పెత్తనం ఉన్న ఊళ్ళలో కూడా కాగితం బిగ్గరగా చదివితే పేదవాడు నోరు విప్పుతాడని అది చూపించింది. మూసిన ఆఫీసులో ఆ నోరు ఎప్పుడూ లేవలేదు.

ఏ నంబరులో ఎవరి సాగు ఉందో రాసే అడంగల్‌ను కూడా అలాగే చదవాలి. ఏటా తొలకరికి ముందు, ఊళ్ళో, సర్వే నంబరు వారీగా, పట్టాదారు పేరు, సాగుదారు పేరు, గత ఏడాదిలో జరిగిన మార్పులతో సహా. చదివేది రెవెన్యూ ఉద్యోగి, పట్టుకుని సరిచూసేది శిక్షణ పొందిన ఊరి పిల్లలు. దళితవాడలో విడిగా ఒకసారి, ఆడవాళ్ళకు విడిగా ఒకసారి చదవాలి. అభ్యంతరం వచ్చిన నంబరును అక్కడే నమోదు చేయాలి. ఆ అభ్యంతరానికి రాతపూర్వకంగా జవాబు చెప్పి, ఆ జవాబు మళ్ళీ గ్రామసభలో చదివేదాకా తహసీల్దారు ఆ నంబరు మీద ఏ పేరూ మార్చకూడదని చట్టంలో రాయాలి.